ఫ్రిజ్ పక్కలు కాలుతున్నాయి, మామిడి పిందెలు రాలుతున్నాయి: ఒక కొత్త ఇంటి కేస్ స్టడీ

రాజమహేంద్రవరం శివార్లలో కొత్తగా వెలిసిన కాలనీ. అందులో ఒక మేడ ఇల్లు. ఉండేది ఇద్దరే: రిటైరైన మాస్టారు, ఆయన భార్య. మాఘమాసంలో గృహప్రవేశం చేసుకుని, పాత సామాన్లు దాదాపు అన్నీ ఇచ్చేసి కొత్తవి కొనుక్కున్నారు. రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్, ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్, పై గదికి ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ, గీజర్, ఆర్‌ఓ ఫిల్టర్. కడియం వెళ్లి మేడ మీదకు ఆటో నిండా మొక్కలు కూడా తెచ్చుకున్నారు.

నేను ఫ్రిజ్‌లు, ఏసీలు, వాషింగ్ మెషీన్లు సర్వీసింగ్ చేస్తాను. మా కుటుంబానికి కడియపులంకలో చిన్న నర్సరీ ఉంది కాబట్టి మొక్కల పనీ తెలుసు. ఈ రెండు పనులూ ఒకే ఇంట్లో ఇంతగా కలిసిన సందర్భం అరుదు. అందుకే ఈ కేసు పూర్తిగా రాస్తున్నాను.

ఏప్రిల్ నెలాఖరులో నన్ను పిలిచారు. మాస్టారు ఒక నోటుబుక్కులో తేదీలతో సహా ఫిర్యాదులన్నీ వరసగా రాసి పెట్టుకున్నారు, పేజీ నిండిపోయింది. "అన్నీ డిఫెక్టివ్ పీసులే అంటగట్టారు బాబూ" అన్నారు. ఇద్దరికీ చాలా టెన్షన్‌గా ఉంది. జీవితంలో దాచుకున్న డబ్బుతో కొన్న సామాన్లవి. షాపుకి ఫోన్ చేసిన ప్రతిసారీ వచ్చిన జవాబు ఒకటే: "అది అంతేనండి." నర్సరీ వాళ్లూ అదే మాట అన్నారట.

నాకు నచ్చనిది ఆ మాటే. చాలాసార్లు అది నిజమే అయినా, ఎంతవరకు అంతే, ఎన్నాళ్లు అంతే, ఏది కనిపిస్తే ఇక అంతే కాదు అన్నది చెప్పకపోతే కొన్నవాళ్లకు అది ఎందుకూ పనికిరాదు. హాని లేనిదానికి భయపడతారు, ప్రమాదమైనదానికి సర్దుకుపోతారు. ఈ ఇంట్లో సరిగ్గా అదే జరిగింది.

జాబితాలో తొమ్మిదోది

ఫ్రిజ్ వేడి, ఏసీ బిల్లు, మామిడి పిందెలు ఇలా పెద్ద పెద్దవన్నీ పైన ఉన్నాయి. తొమ్మిదో నంబరులో "ఫ్రిజ్ తలుపు తడి చేత్తో ముట్టుకుంటే అప్పుడప్పుడు జిల్లుమంటోంది" అని ఉంది. పక్కనే "చిన్న విషయం" అని రాశారు. నేను మొదట పట్టుకున్నది దాన్నే.

మీటరు పెట్టి చూస్తే ఫ్రిజ్ బాడీకీ, నేలలో దించిన ఎర్త్ కడ్డీకీ మధ్య వంద వోల్టులకు దగ్గరగా చూపించింది. ఇన్వర్టర్ ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, కంప్యూటర్లు వీటన్నిటి లోపలా ఒక చిన్న ఫిల్టర్ సర్క్యూట్ ఉంటుంది. అందులోని కెపాసిటర్లలో ఒకటి ఫేజుకూ బాడీకీ మధ్య, ఇంకొకటి న్యూట్రల్‌కూ బాడీకీ మధ్య ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు నేలలోకి వెళ్లిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. ఎర్త్ లేకపోతే సప్లై వోల్టేజీలో సగం దాకా బాడీ మీదే నిలబడుతుంది. దాని వెనక ఉన్న కరెంటు చాలా తక్కువ కాబట్టి చేతికి జిల్లుమని ఊరుకుంటుంది.

అంటే ఫ్రిజ్‌లో లోపం లేదు, ఇంటి వైరింగులో ఉంది. ఎర్త్ పిట్ తవ్వారు, ఉప్పూ బొగ్గూ వేశారు, కడ్డీ దించారు. అక్కడి నుంచి వచ్చిన తీగను మాత్రం మెయిన్ బోర్డులో బిగించకుండా వదిలేశారు. ఇల్లంతా మూడు పిన్నుల సాకెట్లే ఉన్నా ఏ సాకెట్లోనూ మూడో పిన్నుకు దారి లేదు. ఇలాంటి ఇంట్లో ఏ గీజర్ కాయిలో పగిలి ఫేజు బాడీకి తగిలితే పూర్తి 230 వోల్టులు వచ్చి నిలబడతాయి. కరెంటు పోవడానికి దారి లేదు కాబట్టి, కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు ఎంసీబీ కూడా పడదు. తడి కాళ్లతో వెళ్లి ముట్టుకున్న మనిషే ఆ దారి అవుతాడు.

ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి తీగ బిగించి, ప్రతి సాకెట్ విడిగా చెక్ చేసి, కరెంటు కొద్దిగా లీకైనా సప్లై ఆపేసే స్విచ్చు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, పెట్టించాం. ఫ్రిజ్ బాడీ మీద రీడింగ్ దాదాపు సున్నాకి పడిపోయింది. కొత్త ఫ్రిజ్ మోగొచ్చు, వేడెక్కొచ్చు, వాసన రావొచ్చు. షాక్ మాత్రం, ఎంత చిన్నదైనా, ఏ రోజూ "అంతే" కాదు.

ఫ్రిజ్

మొదటి నంబరు ఫిర్యాదు ఇది: పక్కలు చెయ్యి పెట్టలేనంత వేడి, మోటారు ఆగడం లేదు, రాత్రిపూట టప్ టప్‌మని చప్పుడు.

పాత ఫ్రిజ్‌లకు వెనకవైపు నల్లటి జాలీలా కండెన్సర్ కనిపించేది. లోపల తీసిన వేడినంతా అదే బయటికి వదిలేది. ఇప్పటి చాలా ఫ్రిజ్‌లలో ఆ గొట్టాలు పక్క గోడల రేకు వెనకే ఉంటాయి. పక్కలు వేడెక్కుతున్నాయంటే లోపలి వేడి బయటికి వస్తోందన్నమాట. కొత్తగా ఆన్ చేసినప్పుడు, ఒకేసారి చాలా సరుకు పెట్టినప్పుడు, ఎండాకాలంలోను ఇది ఎక్కువగా ఉంటుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ పాతవాటిలా గట్టిగా తిరిగి ఆగిపోదు. నెమ్మదిగా, దాదాపు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని తయారు చేసిందే అలా. రాత్రి టప్‌మనేవి లోపలి ప్లాస్టిక్ చల్లబడి ముడుచుకునేటప్పుడు వచ్చే చప్పుళ్లు. మధ్యలో చుయ్‌మంటే మంచు కరిగించే డీఫ్రాస్ట్ హీటరు మీద నీటిచుక్క పడిందని అర్థం.

ఇంతవరకు షాపువాళ్లు చెప్పింది నిజమే. కానీ నేను రాకముందు రాత్రే మధ్య అరలో గ్లాసెడు నీళ్లు పెట్టి ఉంచమన్నాను. పొద్దున థర్మామీటరు ముంచితే ఎనిమిది డిగ్రీలు. నాలుగుకు దగ్గరగా ఉండాలి. కారణం వంటింట్లోనే కనిపించింది. కార్పెంటర్ ఫ్రిజ్ కొలతకు సరిగ్గా సరిపోయేలా గూడు చేశాడు, పక్కన అరచెయ్యి కూడా దూరదు. చూడటానికి బాగుంది, వేడి పోవడానికి దారి లేదు. ఒక పక్క ప్లైవుడ్ పలక తీసేసి, రెండు వైపులా నాలుగు వేళ్ల సందు వచ్చేలా జరిపించి, పైన మూసిన చెక్క కూడా తీయించాను. మర్నాడు అదే గ్లాసులో నాలుగున్నర డిగ్రీలు వచ్చింది. పక్కలు ఇప్పటికీ వేడిగానే ఉంటాయి, కానీ చెయ్యి ఆనించి ఉంచవచ్చు.

నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయని మాస్టారి నోటుబుక్కులో రాయించాను. కంప్రెసర్ తిరుగుతూనే ఉండి పక్కలు చల్లగా ఉంటే, లోపల కూడా చల్లదనం లేకపోతే గ్యాస్ పోయి ఉండొచ్చు. ఫ్రాస్ట్ ఫ్రీ అని కొన్న ఫ్రిజ్‌లో ఫ్రీజర్ వెనక గోడకు మంచు దిట్టంగా పేరుకుంటుంటే డీఫ్రాస్ట్ పనిచెయ్యడం లేదు. ఇవి రెండూ తమంతట తగ్గేవి కావు.

వాషింగ్ మెషీన్, గీజర్, ఫిల్టర్

"మూడు గంటలు పడుతోంది, మధ్యలో ఇంకా పదినిమిషాలని చూపించి అరగంట తిప్పుతోంది" అన్నది ఒక ఫిర్యాదు. ఫ్రంట్ లోడ్ మెషీన్ తక్కువ నీళ్లతో, నీళ్లు వేడి చేసుకుని, నెమ్మదిగా ఉతుకుతుంది. కాటన్ ప్రోగ్రాంకు రెండున్నర, మూడు గంటలు మామూలే. నురగ ఎక్కువైతే ఇంకోసారి జాడిస్తుంది, బట్టలు ఒకవైపు చేరితే సర్దుకోవడానికి మళ్లీ తిప్పుతుంది. అందుకే తెర మీద కనిపించే టైము ఒక అంచనా మాత్రమే. అమ్మగారు చేత్తో ఉతికే పొడినే వేస్తున్నారు, నురగ అందుకే. ఫ్రంట్ లోడ్‌కి అని రాసి ఉన్న తక్కువ నురగ లిక్విడ్‌కి మారితే అరగంట తగ్గింది.

రెండో ఫిర్యాదు మాత్రం అసలైనది. పిండేటప్పుడు మెషీన్ గెంతి గెంతి గోడ దాకా వస్తోంది. కొత్తలో అలాగే ఉంటుంది, కొన్నాళ్లకు సర్దుకుంటుందని వాళ్లకు చెప్పారు. వెనక్కి వెళ్లి చూస్తే ట్రాన్సిట్ బోల్టులు నాలుగూ అలాగే ఉన్నాయి. లారీలో కదిలిపోకుండా లోపలి డ్రమ్ముని బాడీకి బిగించి పంపే బోల్టులవి. బిగించేవాళ్లు రావడం ఆలస్యమైందని ఇంటి ప్లంబరే గొట్టాలు కలిపేశాడు, అతనికి ఈ సంగతి తెలియదు. అవి తియ్యకుండా వాడితే డ్రమ్ముకు ఊగే వీలుండదు. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు చెయ్యాల్సిన పని బాడీ మీద పడుతుంది. బోల్టులు తీసి, కాళ్లు లెవెల్ చేసి, ఖాళీగా ఒకసారి తిప్పాను. కదల్లేదు. ఆ నాలుగు బోల్టులూ కవరులో కట్టి వారంటీ కాగితాలతో పెట్టించాను, ఇల్లు మారితే మళ్లీ కావాలి.

గీజర్ వాల్వు నుంచి వేడెక్కేటప్పుడు చుక్కలు పడటం వేడి నీరు వ్యాకోచించడం వల్లే. వేడి చెయ్యనప్పుడు కూడా కారుతుంటే వాల్వు మార్చాలి. ఇక్కడ ఆ అవసరం లేదు. ఆర్‌ఓ ఫిల్టర్ కొత్తలో నల్లటి నీళ్లు వదలడానికి కారణం లోపలి కార్బన్ పొడి. మొదటి ట్యాంకు పారబోయమని కాగితంలోనే ఉంది, ఎవరూ చదవలేదు.

ఫిల్టర్ దగ్గర నా దృష్టి వేరే దాని మీద పడింది. ఈ కాలనీలో ఇంకా బోరు నీళ్లే. టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల మోతాదు, లీటరుకు 920 మిల్లీగ్రాములు వచ్చింది. తాగే నీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన మేలైన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటుంది. కాబట్టి ఫిల్టర్ పెట్టుకోవడం సబబే. అది లీటరు మంచినీరు ఇచ్చి మూడు లీటర్ల దాకా వదిలేస్తోంది. వదిలిన నీటి టీడీఎస్ పన్నెండు వందలు దాటింది. "ఒక్క చుక్క కూడా వృథా కానివ్వడం లేదండీ, అంతా మొక్కలకే పోస్తున్నాను" అన్నారు అమ్మగారు. అప్పుడు నాకు మేడ మీదకు వెళ్లాలనిపించింది.

ఏసీ, దాని బిల్లు

ముందు ఏసీ సంగతి చెప్పి పైకి వెళ్తాను. ఏసీ బాగుంది. లోపలికి పీల్చే గాలికీ బయటికి వదిలే గాలికీ పన్నెండు డిగ్రీల తేడా ఉంది. గది చల్లబడటానికి గంట పడుతోందంటే కారణం పైన ఎండకు కాగిన శ్లాబు. రాత్రి పది దాటినా అది వేడి వదులుతూనే ఉంటుంది. 16లో పెట్టినా శ్లాబు తొందరగా చల్లారదు. 24లో పెట్టి ఫ్యాను వేసుకోమన్నాను. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలయ్యేలా ఉండాలన్న నిబంధన పెట్టింది కరెంటు ఆదా కోసమే.

ఏసీకి అంటించిన స్టార్ లేబుల్ స్టిక్కరు మీద రాసిన ఏడాది యూనిట్లకూ వచ్చిన బిల్లుకూ పొంతన లేదని మాస్టారి బాధ. ఆ లెక్క ఏడాదికి 1600 గంటల వాడకానికి వేసినది. రోజుకు సగటున నాలుగు గంటల పైచిలుకు. వీళ్లు వేసవిలో రాత్రంతా, మధ్యాహ్నం రెండు గంటలు వేస్తున్నారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకానే వెయ్యి గంటలు అవుతాయి. ఆ స్టిక్కరు రెండు మోడళ్లను పోల్చుకోవడానికి పనికొస్తుంది. మీ వాడకం అంచనా కావాలంటే ఆ యూనిట్లను 1600తో భాగించి మీ గంటలతో గుణించుకోవాలి. కొనేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆయన అంత బాధపడేవారు కాదు.

మేడ మీద

కుండీలన్నీ పిట్టగోడ వెంట వరసగా ఉన్నాయి. గులాబీలు, నిమ్మ, బంగినపల్లి అంటు, గుండుమల్లె, కరివేపాకు, చామంతులు, మందార, కాగితం పూలు. సగం మొక్కలు దిగాలుగా ఉన్నాయి. ఒకే జబ్బు అనుకుని ఒకే మందు కొడుతున్నారు. చూస్తే నాలుగైదు వేరు వేరు కథలు.

గులాబీ, నిమ్మ ఆకుల కొసలు ముదురాకుల నుంచి మొదలై గోధుమ రంగుకు మాడాయి. మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పొర. ఇది ఉప్పు. రోజూ పోసిన ఫిల్టర్ నీటిలోని లవణాలు, నీళ్లు ఆవిరైపోయాక కుండీలోనే మిగిలిపోయాయి. నేలలో అయితే వానకు దిగిపోతాయి, కుండీలో కొద్దికొద్దిగా పోసే నీటికి దిగిపోవు. గులాబీ, నిమ్మ ఉప్పుకు బాగా సున్నితం. కాగితం పూల మొక్క అదే నీళ్లు తాగి నవనవలాడుతోంది, అందుకే నీళ్ల మీద వాళ్లకు అనుమానం రాలేదు.

ఇంకోపక్క ఏసీ నుంచి కారే నీళ్లు గొట్టం ద్వారా నేరుగా డ్రైనేజీలోకి పోతున్నాయి. మన గోదావరి తీరపు ఉక్కలో ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు లీటరు దాకా నీళ్లు వదులుతుంది. గాలిలోని తేమే చల్లబడి వచ్చిన నీళ్లు కాబట్టి ఉప్పు దాదాపు ఉండదు. కుండీలకు అంతకంటే మంచి నీళ్లు ఆ ఇంట్లో లేవు. రెండు గొట్టాలూ మార్పించాను. ఏసీ నీళ్లు డ్రమ్ములోకి, అక్కడి నుంచి మొక్కలకు. ఫిల్టర్ వదిలే నీళ్లు బాత్రూం బకెట్టులోకి, ఇల్లు తుడవడానికి. ఏసీ సర్వీసింగ్ చేసిన రోజు కెమికల్ కలుస్తుంది కాబట్టి ఆ రోజు నీళ్లు వద్దన్నాను. పేరుకున్న ఉప్పు పోవడానికి కింద రంధ్రం నుంచి ధారగా పోయేదాకా నీళ్లు పట్టించాం. జూన్ వానలు మిగతా పని చేశాయి.

కరివేపాకు, మల్లె కుండీలది వేరే కథ. ఆకులు ఒకవైపే ఎండాయి. ఆ వైపున మూడడుగుల దూరంలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఫ్యాను ఉంది. బయట నలభై డిగ్రీలుంటే అది వదిలే గాలి యాభై దాటుతుంది. రాత్రంతా ఆ గాలి కొడితే మల్లె మొగ్గ నిలవదు. మందులేమీ లేకుండా కుండీలు రెండో మూలకు మార్చాం. మల్లె మే చివర్లో కొద్దిగా పూసింది. కరివేపాకు మొక్క ఒకటి బతకలేదు.

వేర్ల దగ్గర మట్టి ముద్ద గురించి మా కడియం ప్రాంతం వాళ్లం తప్పకుండా చెప్పాలి. దూరం పంపడానికి వేర్ల చుట్టూ జిగట మట్టి ముద్ద కట్టి ఇస్తాం. దాన్ని అలాగే తీసుకెళ్లి కొబ్బరి పొట్టు, ఎరువు కలిపిన వదులు మట్టిలో పెడితే నీళ్లు చుట్టూ ఉన్న వదులు మట్టిలోంచి దిగిపోతాయి, ముద్ద లోపల ఎండిపోయి ఉంటుంది. పైన తడి కనిపిస్తుంది, మొక్క వాడుతుంది. ఈ ఇంట్లో రెండు గులాబీలు అలాంటివే. సన్నని పుల్ల గుచ్చితే పొడిగా వచ్చింది. కుండీతో సహా నీళ్ల తొట్టిలో గంటసేపు ఉంచితే కానీ ముద్ద నానలేదు.

మామిడి అంటును కాయలతో ఉందనే ఎక్కువ ధర పెట్టి కొన్నారు. వారంలో పిందెలన్నీ రాలాయి. అంటు కట్టిన కొమ్మ పెద్ద చెట్టుది, దానికి పూసే వయసు ఉంది. కాబట్టి సంచిలోనే పూస్తుంది. కానీ ఆ కాయలను మొయ్యడానికి సరిపడా వేర్లు కింద ఉండవు. చోటు మారిన మొక్క ముందు ఆకు రాలుస్తుంది, పిందె వదిలేస్తుంది, రెండు మూడు వారాలకు కొత్త చిగురు వేస్తుంది. చిగురు వచ్చిందంటే బతికినట్టే. వీళ్ల మామిడికి చిగురు అప్పటికే వచ్చింది, రాలిన పిందెల దిగులులో ఎవరూ చూడలేదు. అంటు కట్టు కింద నుంచి కూడా ఒక పిలక వచ్చింది. దాన్ని తీసేశాను. దాన్ని వదిలేస్తే బంగినపల్లి చచ్చి కింది నాటు మామిడి మిగులుతుంది.

చామంతులు గృహప్రవేశానికి విరగబూసినవి. ఆ తర్వాత పువ్వు లేదు. చామంతి రాత్రులు పొడవైతేనే మొగ్గ తొడుగుతుంది, మళ్లీ పూసేది చలికాలంలోనే అని చెప్పాను. మేడ మీద రాత్రంతా వెలిగే కొత్త ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు ఉంది. ఆ వెలుతురులో చామంతికి రాత్రి అయినట్టే ఉండదు. దొంగల భయం ఉంది కాబట్టి లైటు తీయించలేదు, మనిషి కదిలితేనే వెలిగే సెన్సార్ లైటు పెట్టించాం. డిసెంబరులో మొగ్గలు వచ్చాయి.

ఏడాది తర్వాత

ఆ పేజీలో మిగిలిన ఫిర్యాదులు చాలావరకు వాటంతట అవే పోయాయి. మాస్టారు ఇప్పుడు ఏ కొత్త వస్తువు వచ్చినా మొదటి రోజే మూడు సంగతులు రాసుకుంటున్నారు: సీరియల్ నంబరు, బిగించిన తేదీ, కొత్తలో ఉన్న చప్పుడు ఫోన్‌లో రికార్డు. మూడోది ఆయన సొంత ఆలోచన, నాకు చాలా ఉపయోగపడింది. మారిన చప్పుడును పాతదానితో పోల్చి వినవచ్చు. వారంటీ కాగితంలో కంప్రెసర్‌కు పదేళ్లని ఉన్నా గ్యాస్‌కు, కూలికి అది వర్తిస్తుందో లేదో చదువుకోమన్నాను. చాలా కంపెనీల కాగితాల్లో వర్తించదు. నిజమైన లోపానికి షాపు పలకకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

మా నర్సరీలో ఇప్పుడు ప్రతి మొక్కతో ఒక చీటీ ఇస్తున్నాం. మొదటి నెలలో ఏం రాలుతుంది, ఎప్పుడు పూస్తుంది, ఏది కనిపిస్తే ఫోన్ చెయ్యాలి. నిమ్మ విత్తనం మొక్క అయితే కాపుకు మూడు నాలుగేళ్లు పడుతుందని అందులో పెద్ద అక్షరాలతో వేశాం. దాంతో కొందరు కొనకుండా వెళ్లిపోతున్నారు. వెళ్లనివ్వండి, ఏడాదికే కాయలని నమ్మి తీసుకెళ్లి, రెండో ఏడు మొక్కను పీకేయడం కంటే అది మేలు.

ఈ జనవరిలో మామిడి మళ్లీ పూసింది. ఇంకో ఏడాది పూత తీసేద్దామన్నాను. అమ్మగారు ఒక్క గుత్తి ఉంచుకుంటానన్నారు. కాండం కాస్త లావెక్కింది కాబట్టి రెండు కాయలకు మించకుండా ఒప్పుకున్నాను. బోరు నీటికి వాషింగ్ మెషీన్ హీటరు మీద గార ఎంత పట్టిందో ఇంకా చూడాలి. వేసవి రాకముందే విప్పుతాను, ఆ మందాన్ని బట్టి ఎన్ని నెలలకోసారి డీస్కేలింగ్ చెయ్యాలో వాళ్ల నోటుబుక్కులో రాసి ఇస్తాను.